జాతీయ ఉద్యానాల్లో కళాకారులకూ చోటుండాలి

1871లో అమెరికా ప్రభుత్వం భూగర్భ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ హేడెన్ నాయకత్వంలో ఎల్లోస్టోన్ ప్రాంతానికి ఒక సర్వే బృందాన్ని పంపింది. అందులో శాస్త్రవేత్తలతో పాటు చిత్రకారుడు థామస్ మోరన్, ఫొటోగ్రాఫర్ విలియం హెన్రీ జాక్సన్ కూడా ఉన్నారు. అక్కడి వేడినీటి బుగ్గల గురించి, రంగురంగుల లోయల గురించి అంతకుముందు వచ్చిన కబుర్లను చాలామంది నమ్మలేదు. హేడెన్ నివేదికకు ఈ బొమ్మలు, ఫొటోలు తోడయ్యాక అమెరికా కాంగ్రెస్‌ను ఒప్పించడం తేలికైంది. 1872 మార్చి 1న ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానమైంది. అదే ఏడాది మోరన్ వేసిన లోయ చిత్రాన్ని కాంగ్రెస్ 10,000 డాలర్లకు కొన్నది.

ఆ అనుబంధం నేటికీ కొనసాగుతోంది. అమెరికాలోని అనేక జాతీయ ఉద్యానాలు చిత్రకారులు, రచయితలు, సంగీతకారులకు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల పాటు బస కల్పిస్తాయి. బదులుగా వారు సందర్శకులతో మాట్లాడాలి. చాలాచోట్ల తమ కృతి ఒకటి ఉద్యానానికి ఇవ్వాలి. దీన్నే ‘ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్’ అంటారు.

మన దేశంలో జాతీయ ఉద్యానాలు వందకు పైగా ఉన్నాయి. వాటిలోకి ఎవరిని ఎందుకు అనుమతించవచ్చో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 28 చెబుతుంది. వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం వంటివి అందులో ఉన్నాయి. చిత్రకళ ప్రస్తావన లేదు. కుంచె పట్టినవాడు సఫారీ జీపులో మూడు గంటలు తిరిగి రావలసిందేనా?

కెమెరా ఉండగా బొమ్మ ఎందుకని అడగవచ్చు. ఫొటో ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. ఒక మొక్క ఆకును, పువ్వును, కాయను, వేరును ఒకే కాగితంపై పక్కపక్కన చూపగలిగేది బొమ్మే. కొత్త మొక్కల జాతులను వర్ణించేటప్పుడు వృక్షశాస్త్రవేత్తలు ఇప్పటికీ రేఖాచిత్రాలు వాడటానికి కారణం ఇదే. మనకు ఈ సంప్రదాయం కొత్తదేమీ కాదు. 17వ శతాబ్దిలో జహంగీర్ ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ సైబీరియా కొంగను ఎంతో నిశితంగా చిత్రించాడు. ఆ కొంగలు భరత్‌పూర్‌లోని కేవల్‌దేవ్ జాతీయ ఉద్యానానికి శీతకాలంలో వచ్చేవి. 2002 తర్వాత రావడం మానేశాయి. పోయిన జీవి ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యాల్లో బొమ్మ కూడా ఒకటి.

అభ్యంతరాలు లేకపోలేదు. అడవిలోకి వెళ్లేవారు ఇప్పటికే ఎక్కువ, ఉన్న నిధులు అటవీ గార్డులకే చాలడం లేదు అంటారు. రెండూ నిజమే. అందుకే కొత్త భవనాలు కట్టనక్కరలేదు. సందర్శకులు తక్కువగా ఉండే నెలల్లో, ఇప్పటికే ఉన్న అటవీ విశ్రాంతి గృహంలో ఒక్కరికి చోటిస్తే చాలు. చట్టాన్నీ సవరించనక్కరలేదు. ‘అధ్యయనం’ అన్న మాట పరిధిలోనే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ మార్గదర్శకాలు ఇవ్వవచ్చు. కళాకారుడు అక్కడి పరిశోధకులతో కలిసి పనిచేయాలన్న షరతు కూడా పెట్టవచ్చు.

అయితే ఎల్లోస్టోన్ నుంచి నేర్చుకోవలసిన చేదు పాఠం ఒకటుంది. ఆ బొమ్మలు చూసినవారికి అది మనుషులు లేని నేల అనిపించింది. నిజానికి షోషోనీ వంటి ఆదివాసీ తెగలు తరతరాలుగా అక్కడ తిరిగేవి, వేటాడేవి. ఉద్యానం వచ్చాక వారికి అక్కడ చోటు లేకుండా పోయింది. మన పాపికొండలలో కోయలు, కొండరెడ్లు ఉన్నారు, నల్లమలలో చెంచులు ఉన్నారు. పులి అడుగు చూసి అది ఎటు వెళ్లిందో చెప్పగలవారు వారిలో ఎందరో. మనం ఇలాంటి పథకం మొదలుపెడితే తొలి ఆహ్వానం నగరంలోని గ్యాలరీకి కాదు, ఆ గూడేల్లోని పాటగాళ్లకు, చిత్రకారులకు అందాలి. వారిని పక్కనపెట్టి గీసే అడవి ఎంత అందంగా ఉన్నా, అది సగం అడవే.