పట్టీలు పెంచితే బండి బలం పెరగదు

చెరకు కోతలు మొదలైతే చాలు, జహీరాబాద్ ప్రాంతంలో కమాన్ పట్టీలు వేసే షెడ్ల ముందు పికప్‌లు, ట్రాలీలు వచ్చి నిలబడతాయి. రెండు పట్టీలు ఎక్కువ వేయిస్తే ఇంకో టన్ను మోయవచ్చని మన నమ్మకం.

బండి కుంగదు, నిజమే. కానీ ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే కదా! కుంగడమంటే ‘ఇక చాలు’ అని బండి చెప్పడం. పట్టీలు వేసి దాని నోరు మూయిస్తున్నాం. పైగా బండి ఎత్తు పెరిగి, బరువు పైకి పోయి, మలుపులో బోల్తా కొట్టే ప్రమాదం పెరుగుతుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద అది ప్రాణాల మీదికి తెస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు జరిమానా 20 వేల రూపాయలు, అదనపు టన్నుకు మరో 2 వేలు.

అలాగని తప్పంతా రైతుదేనా? ఫ్యాక్టరీ దూరం, కిరాయి భారం. కోసిన చెరకు ఎండేకొద్దీ తూకం తగ్గుతుంది. అందుకే ఒక్క ట్రిప్పులోనే అంతా ఎక్కించాలని చూస్తాడు.

కటింగ్ ఆర్డర్లు సకాలంలో ఇవ్వాలి. దూరాన్ని బట్టి రవాణా ఖర్చు ఫ్యాక్టరీలే భరించాలి. దీనికోసం సంఘంగా కొట్లాడదాం. అప్పటిదాకా పట్టీలకు పెట్టే డబ్బు బ్రేకులకు పెడదాం.