పేర్లకు కూలి

"చిన్న బొమ్మేనండీ. సాయంత్రానికి ఇచ్చేస్తారా?"

నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. పుస్తకం ప్రెస్సుకి వెళ్లే ముందురోజు ఎవరికో తడుతుంది, మూడో అధ్యాయంలో ఓ మ్యాపుంటే బాగుండునని. నాకు ఉద్యోగం లేదు, అడిగినవాళ్లకి మ్యాపులు గీసి బతుకుతాను. జిల్లా చరిత్రలు, యాత్రా పుస్తకాలు, పీహెచ్‌డీ గ్రంథాలు, ఒక్కోసారి లాయరుగారికి కావలసిన పొలం నక్షా. "గూగుల్లో ఉందిగా, కాస్త తెలుగులో రాసేస్తే చాలు" అంటారు. ఆ "కాస్త"తోనే నాకు వారం గడిచిపోతుంది.

గీతలకిప్పుడు పెద్ద కష్టం లేదు. సర్వే ఆఫ్ ఇండియా షీట్లు 1:50,000 స్కేలులో, అంటే సెంటీమీటరుకి అర కిలోమీటరు లెక్కన, 2017 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. పాత నంబర్ల లెక్కలో హైదరాబాదు 56కె కిందికి వస్తుంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సడలించాక మ్యాపు చేయడానికి ముందస్తు అనుమతుల బెడదా తగ్గింది. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరు ఎలాగూ ఉచితమే. నది, కాలవ, రోడ్డు, రైలుపట్టా అన్నీ పూటలో వచ్చి కూర్చుంటాయి.

తర్వాత పేర్లు మొదలవుతాయి.

ఊళ్ల జాబితాలు చాలావరకు ఇంగ్లిషులోనే దొరుకుతాయి. కదిరికీ కడియానికీ ఇంగ్లిషు వాడు ఒకే అక్షరం వేశాడు. ఈ రెండూ పెద్ద ఊళ్లు కాబట్టి మనకి తెలుసు. ఎక్కడో మన్యంలో ముప్పై ఇళ్ల గూడెం పేరులో ఉన్నది ద నా, డ నా? ల నా, ళ నా? కంప్యూటరును అడిగితే సిగ్గులేకుండా ఏదో ఒకటి చెప్పేస్తుంది. నేను మాత్రం ఆ మండలంలో ఎవరో ఒకరి నంబరు సంపాదించి, "అన్నా, మీ పక్కూరి పేరు ఒక్కసారి పలకండి" అని బతిమాలుకుంటాను. అవతలివాళ్లు ముందు నన్ను లోను కట్టమనే మనిషి అనుకుంటారు.

పేరు తేలాక దాన్ని పెట్టే చోటు చూడాలి. ఎడ్వర్డ్ ఇమ్‌హోఫ్ అని స్విట్జర్లాండులో మ్యాపుల మహానుభావుడు ఒకాయన ఉండేవాడు. పేర్లు ఎక్కడెలా పెట్టాలో 1962లో ఒక వ్యాసమే రాశాడు. ఊరి చుక్కకి కుడివైపు, కొంచెం పైకి పెడితే మంచిదంటాడు. సరే, కొవ్వూరుకి అలా పెట్టి చూడండి. పేరు గోదాట్లో పడి, అవతలి ఒడ్డున రాజమండ్రి నెత్తికెక్కుతుంది. ఎడమకి జరపాల్సిందే. జరిపాక "వ్వూ" కింద వేలాడే వత్తు రైలుపట్టాను తొక్కుతుంది. ఇంగ్లిషు మ్యాపులో ప్రాంతాలకి పెద్దక్షరాలు, నీళ్లకి వాలు అక్షరాలు. మనకి పెద్దక్షరాలు లేవు, తెలుగును వాలిస్తే పడిపోతున్న గోడలా ఉంటుంది. రాయలసీమ అన్న పేరును సీమ పొడుగునా పరచడం తేలికే. ఉత్తరాంధ్రను పరచాలంటే ఉ, త్త, రాం, ధ్ర అని నా చేత్తో విడగొట్టుకోవాలి. సాఫ్ట్‌వేరుకి వదిలేస్తే వత్తు ఒక జిల్లాలోనూ అక్షరం ఇంకో జిల్లాలోనూ తేలతాయి.

అచ్చులో ఇంకో గండం. ధవళేశ్వరంలో ధ కింద చిన్న గీత ఉందే, ఆరు పాయింట్ల సైజులో, న్యూస్‌ప్రింటు మీద అది మాయమవుతుంది. ఆనకట్ట ఊరు "దవళేశ్వరం"గా బయటికొస్తుంది. పైగా ప్రచురణకర్త పాతకాలపు "అను" ఫాంట్లలో ఉంటాడు, నేను యూనికోడ్‌లో ఉంటాను, ఒకదానికొకటి పొసగవు. అందుకని అక్షరాలన్నీ బొమ్మగా మార్చి పంపుతాను. ఇక తప్పు దొరికితే వాళ్లు దిద్దలేరు, రాత్రి పదకొండింటికి నాకే ఫోను.

జిల్లాల సంగతి చెప్పబోను. తెలంగాణ పది నుంచి 2016లో 31కి, 2019లో 33కి పెరిగింది. ఆంధ్ర 2022లో 26 అయింది. ప్రతిసారీ పాత ఫైళ్లు చెత్తబుట్టకే. యానాం పుదుచ్చేరిదనీ, దాని రంగు వేరనీ మరిచిపోయే మ్యాపులు మాత్రం నేటికీ వస్తూనే ఉన్నాయి.

నేల కొలిచేవాడికి దక్కిన పేరు, ఊళ్ల పేర్లు అడిగి రాసేవాడికి ఎన్నడూ దక్కలేదు. కంపెనీ కాలంలో మెకంజీ దొర దక్షిణాదిలో సర్వే చేస్తుంటే ఊళ్లలో కూర్చుని పేర్లు, కథలు, శాసనాలు పోగేసింది కావలి బొర్రయ్య. 1803లో ఆయన పోయాక తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. దొర 1815లో దేశానికే మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అలా పోగైన ఊళ్ల కథల్ని మనం ఇప్పటికీ మెకంజీ కైఫీయతులు అంటాం, బొర్రయ్య కైఫీయతులు అని ఒక్కరూ అనరు.

మొన్న వేసవిలో ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. ఆయన ఊరు శ్రీశైలం జలాశయం కింద ఉంది. ఊరి కథ రాశారు, మ్యాపు కావాలి. మైలుకి అంగుళం లెక్కన గీసిన పాత షీటులో ఊరి పేరొక్కటే ఉంది. వాగుకి పేరు లేదు. "రాళ్లవాగు" అన్నారాయన. అనుమానమొచ్చి అక్కగారికి ఫోను కలిపి స్పీకరు పెట్టారు. "మేమెప్పుడన్నా అట్లంటిమా? అది చింతలవాగురా. రాళ్లవాగని అవతలి గట్టోళ్లంటారు, నీ పెండ్లాం ఊరోళ్లు" అంది ఆవిడ. మాస్టారు నావైపు చూడలేదు. రెండు గట్ల మీదా రెండు పేర్లూ రాశాను.

అసలు తకరారు రంగు దగ్గర వచ్చింది. నీళ్ల పేర్లు నీలం, ఊళ్ల పేర్లు నలుపు, అది మా వాడుక. నీళ్ల కింద ఊరికి ఏ రంగు? బూడిదరంగు వేసి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశారు.

"నల్లగానే రాయండి బాబూ. నీళ్లు తీస్తే సంగమేశ్వరం గుడి బయటపడదూ? మా గోడలూ అంతే."

నల్లగానే రాశాను. డబ్బిచ్చేది ఆయన ప్రచురణకర్త. ఈసారి బిల్లులో మ్యాపు అని ఒక వరస, పేర్లు అని దాని కింద ఇంకో వరస వేసి పంపాను. మర్నాడు వాళ్ల లెక్కల గుమస్తా ఫోను చేశాడు.

"సార్, ఈ రెండో వరస ఏమిటి? పేర్లు మ్యాపులోనే ఉంటాయి కదా?"