ఫైలు కోసం కాయ ఆగదు



ఈ నెల ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో పచ్చళ్లు, పొడులు, చిరుతిళ్లు తయారుచేసే చిన్న యూనిట్లకు అప్పు ఎలా పుడుతోందో చూద్దామనుకున్నాం. నిల్వ, ప్యాకింగు సలహాకు పక్కనే హబ్సిగూడలో ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ కేంద్రం ఉంది. కరువంతా పెట్టుబడికే.

ఆవకాయ లెక్క చూడండి. కాయ, కారం, ఆవపిండి, నూనె అన్నీ వేసవిలోనే రొక్కం పెట్టి కొనాలి. సరుకు అమ్ముడయ్యేది ఏడాది పొడవునా. దుకాణాల బాకీ ఇంకా ఆలస్యం. వర్కింగ్ క్యాపిటల్ జూలైలో మంజూరైతే ఏం లాభం?

నిబంధనలకు లోటు లేదు. వాణిజ్య బ్యాంకుల రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు, మొత్తంలో 18 శాతం వ్యవసాయానికి వెళ్లాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆహారశుద్ధి రుణం ఒక్కొక్కరికి 100 కోట్ల వరకు వ్యవసాయం పద్దులోకే వస్తుంది. ఒక్క పెద్ద ఫైలుతో లక్ష్యం నిండుతుంటే, వంద చిన్న ఫైళ్లు ఎవరు తిరగేస్తారు! లక్ష్యం తప్పినా, లోటును నాబార్డు గ్రామీణ మౌలిక నిధి వంటివాటిలో జమచేయొచ్చు. దాంతో రోడ్లు పడతాయి, కాదనం. జాడీ నిండదు.

2020లో వచ్చిన సూక్ష్మ ఆహారశుద్ధి పథకం 35 శాతం సబ్సిడీ ఇస్తుంది, గరిష్ఠంగా 10 లక్షలు. అదీ బ్యాంకు రుణానికి ముడిపడినదే.

ఈ సంచికలో బ్యాంకు కౌంటరుకు రెండువైపులా ఉన్నవాళ్లతో రాయించాం. మొండి బకాయిల భయం మేనేజర్లకు ఊరికే రాలేదు, దాన్నీ తేలిగ్గా తీసుకోలేదు. మీరూ రాయండి. దరఖాస్తు చేసిన తేదీ, డబ్బు చేతికందిన తేదీ రెండూ వేయడం మరవొద్దు.