బీరతీగ కాదు, బీరుతీగ

తెలుగులో ఒక్క కొమ్ము ఎంత పని చేస్తుందో వ్యాకరణం చెప్పే నాకన్నా మా కీసరలో ఒక పిన్నిగారికి బాగా తెలిసివచ్చింది. సియాటిల్ దగ్గర కాపురముంటున్న ఆవిడ కొడుకు, పెరట్లో బీరుతీగ పెట్టానని ఫోనులో చెప్పాడు. ఆవిడ చెవిన పడింది బీరతీగ. "అంత చలిదేశం పోయినా మావాడు బీరపాదు మరవలేదు" అని వీధంతా చెప్పుకున్నది. కొన్నాళ్లకు ఫొటో వచ్చింది. తాడు పట్టుకుని ఇంటికప్పు దాకా పాకిన తీగ, నిండా ఆకుపచ్చని పూలు, ఒక్క కాయ లేదు. "పిందె పడలేదేమిరా?" అని అడిగేసరికి నిజం బయటపడింది. అది మొదలు నెలరోజులుగా పిన్నిగారు కొడుకుతో మాట్లాడటం లేదు. మాటకు అర్థం చెప్పేవాణ్ణి గనుక నాచేత చెప్పించాలని ఇద్దరూ నన్నే పట్టుకున్నారు.

ఆ తీగ పేరు హాప్సు. మన నేలమీద పుట్టలేదు గనుక మన భాషలో దానికి పేరూ పుట్టలేదు. గంజాయి కుటుంబానికి చెందినది (ఈ ముక్క పిన్నిగారి దగ్గర ఎత్తలేదు లెండి). అయితే గంజాయి మత్తు దీనిలో లేదు. చలికాలంలో పైన ఎండిపోయి, నేలలో వేరు మాత్రం బతికి ఉండి, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. ఊపుమీద ఉన్నప్పుడు రోజుకు అడుగు దాకా పెరిగి, 18, 20 అడుగుల తాడు ఎక్కేస్తుంది. ఆడతీగ వేరు, మగతీగ వేరు. బీరుకు కావలసినవి ఆడతీగ పూలు. చూపుకు సరుగుడు కాయలాగా ఉంటుంది గాని మెత్తన, కాస్త పెద్దది. రేకు విప్పి చూస్తే మొదట్లో పసుపుపచ్చని పొడి కనిపిస్తుంది. చేదూ, వాసనా అంతా ఆ పొడిలోనే ఉన్నది.

మరి మత్తు ఎక్కడిదంటారా? అది బార్లీది. బార్లీ గింజలను మొలకెత్తించి, ఆరబెట్టి, నలగగొట్టి వేడినీళ్లలో నానబెడితే తీపి దిగుతుంది. రాగులు మొలకగట్టి పిల్లలకు మాల్టు కాచే ఇల్లాలికి ఇందులో సగం పని తెలిసినదే. ఆ తీపినీళ్లలో హాప్సు పూలు వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. తీపిని మత్తుగా మార్చేది ఈస్టు. హాప్సు చేసేవి రెండు పనులు: తీపి వెగటును విరవటం, బీరును పుల్లబరిచే సూక్ష్మజీవులను అణచటం. 20 లీటర్లకు 50 గ్రాములు అటూ ఇటూ ఎండుపూలు చాలు. పప్పులో ఇంగువ వంటిదన్నమాట. అయినా దాని పెద్దరికం తక్కువది కాదు. బీరులో బార్లీ, నీళ్లు, హాప్సు తప్ప మరొకటి వాడకూడదని బవేరియాలో 1516లోనే శాసనం చేశారు.

అబ్బాయికి ఇంకొక కోరిక ఉన్నది. సంక్రాంతికి వచ్చినప్పుడు వేరుముక్క తెచ్చి కీసర పెరట్లో నాటాలట. మునేటి ఒడ్డు నేల కాదనదేమోగాని, పైనున్న సూర్యుడు కాదంటాడు. ఈ తీగ పగటి పొడవును బట్టి పూస్తుంది. జూన్‌లో సియాటిల్ పగలు 16 గంటలు. ఆ రాష్ట్రంలోనే కొండలకు అవతలనున్న యాకిమా లోయ అమెరికా హాప్సు పంటకు పట్టుకొమ్మ. కీసరలో ఎంత పెద్ద పగలైనా 13 గంటల మీద పది నిమిషాలు దాటదు. ఆ పొట్టి పగళ్లు చూసి తీగ తొందరపడి, ఎదగకముందే నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది. పైగా నందిగామ ఎండలు తెలియనివి కావు. మనదేశంలో హాప్సు పండించిన చోటు హిమాలయాలలోని లాహౌల్ లోయ. బ్రెజిలులో దీపాలు వెలిగించి పగలు పొడిగించి పెంచేవారున్నారు గాని, ఆ కరెంటు బిల్లుకు బీరపాదులు వంద పెట్టవచ్చు. అదీగాక, అనుమతి పత్రాలు లేకుండా విదేశీ మొక్కను పెట్టెలో పెట్టుకుని రావటానికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఒప్పదు.

మనకు ఇటువంటి సరుకు తీగ ఇవ్వలేదు, చెట్టు ఇచ్చింది. తాటిలో కూడా ఆడ మగ వేరే. మనవాళ్లు పోతుతాడునూ విడవలేదు, పండుతాడునూ విడవలేదు. రెంటి గెలలూ గీసి కల్లు దించారు. కుండలో పడిన తీపినీరు, ఎవరూ ఈస్టు కలపకుండానే గంటల్లో పొంగుతుంది, మర్నాటికి పుల్లబడుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా నిలుస్తుంది. అక్కడ చేదుపువ్వు కాసే కాపలా ఇక్కడ సున్నం కాస్తుంది. తేడా ఒకటున్నది: హాప్సు పులుపును ఆపి మత్తును రానిస్తుంది, సున్నం రెంటినీ ఆపుతుంది. అయినా తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత.

కాని పిన్నిగారి భయం లోకం ఏమంటుందోనని కాదు. ఆవిడ పుట్టింట్లో ఒక అన్నగారు సారాకింద రెండెకరాల మెట్ట, తరువాత వదినగారి నగలు, చివరకు ప్రాణం పోగొట్టుకున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారని విన్ననాడు ఆవిడ ఇంట్లో దీపం పెట్టిందట. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చినప్పుడు సంతోషించి, 1997లో ఆ నిషేధం సడలించినప్పుడు అన్నం మానేసిన మనిషి. కొడుకుకు బీరంటే పెరటి వేడుక. తల్లికి ఆ మాట వింటే అప్పులవాడి కేక గుర్తుకొస్తుంది.

అబ్బాయికి నేను చెప్పినదిది: "నాయనా, మీ అమెరికాలో 1978లో చేసిన చట్టం ప్రకారం, పెద్దవాళ్లిద్దరున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి కాచుకోవచ్చు. ఇక్కడ 1968 నాటి ఎక్సైజు చట్టం ఉన్నది. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే నేరం. తాటిచెట్టు నీదే అయినా కల్లు గీయటానికి అనుమతి కావాలి. కనుక వేరుముక్క మాట మరిచిపో. 'ఇది సారా కాదమ్మా' అని వాదించకు. ఎంత కాస్తున్నావో, అందులో నువ్వెంత తాగుతున్నావో నీ నోటితో చెప్పు. ఆవిడ అడగలేకపోతున్నది అదే."

పిన్నిగారికి చెప్పినదిది: "ఆ తీగ ఇచ్చేది చేదే గాని మత్తు కాదు. దానిమీద కోపం దానిమీదే ఉంచి, అబ్బాయిని అడగవలసినది అడగండి. మాట మానేస్తే అబద్ధం కూడా వినబడదు, నిజం సంగతి దేవుడెరుగు."

దూరదేశాల్లో పిల్లలున్న తల్లులందరికీ ఇది పనికివచ్చే మాటే అనుకుంటాను. "ఎంత?" అని అడిగితే విసుక్కోకుండా లెక్క చెప్పే కొడుకు గురించి అంత బెంగ అక్కరలేదు. ఆ ఒక్కమాటకే కోపం తెచ్చుకున్నాడా, చేతిలో ఉన్నది బీరైనా కల్లయినా సీమసరుకైనా, తల్లి భయం న్యాయమైనదే. పెరట్లో పాకుతున్నది ఏ తీగ అన్నది తరువాతి మాట.