ఆరోగ్య ప్రసంగము: చక్కెరమందు, కాళ్ళ తిమ్మిరి



ఈ నెల మాకందిన లేఖలలో ఆత్మకూరునుండి వచ్చినది యొకటి కలదు. ఆ పేరుగల యూళ్ళు తెలుగునాట పెక్కులు. ఇది పూర్వము సంస్థానమునకు ముఖ్యపట్టణమై, చిరకాలము మహబూబునగరు జిల్లాలో నుండి, ఇప్పుడు వనపర్తి జిల్లాలో చేరిన ఆత్మకూరు. లేఖ వ్రాసిన సోదరి యొక కోడలు. విషయము ఆమె అత్తగారి యారోగ్యము.

అత్తగారికి అఱువదిరెండేండ్లు. పదునొకండేండ్లుగా చక్కెరవ్యాధికి మెట్‌ఫార్మిను మాత్రలు ఉదయ మొకటి, రాత్రి యొకటి తప్పక వేసికొనుచున్నారు. కురుమూర్తిస్వామికి మ్రొక్కుకొని, ఎనిమిదేండ్లనుండి మాంసము, చేపలు, గ్రుడ్లు మానివేసిరి. రక్తములో చక్కెర అదుపులోనే యున్నది. ఐనను రెండేండ్లుగా అరికాళ్ళలో తిమ్మిరి, సూదులు గ్రుచ్చినట్లు బాధ. మొన్న సంతనుండి వచ్చుచు కాలిచెప్పు దారిలో జాఱిపోయినను తెలియక, ఒంటిచెప్పుతో ఇల్లు చేరిరట! నాలుక ఎఱ్ఱబడి నున్నబాఱినది. కూరలో ఉప్పు వేసినది మఱచి మరల వేయుచున్నారు. "చక్కెరజబ్బువారికి కాళ్ళు మొద్దుబాఱుట మామూలే" అని ఇరుగుపొరుగువారు అనిరి. ముఖము పాలిపోయినదని, తన కాన్పుకు ముందిచ్చిన ఇనుము మాత్రలు మిగిలియుండగా, కోడలు వానిని అత్తగారిచేత మూడు నెలలు వేయించినది. పాలిపోవుట కొంత తగ్గినది. తిమ్మిరి మాత్రము పిక్కలవఱకు ఎక్కినది. "నేను మేలు చేసితినా, కీడు చేసితినా?" అని ఆమె యడుగుచున్నారు.

సోదరీ, రోగిని చూడక, రక్తపరీక్ష లేక ఇది ఫలాన వ్యాధి యని చెప్పుట న్యాయము కాదు. కాని మీరు వ్రాసిన గుఱుతులు చదివినంతనే బి12 అను విటమిను కొఱత యుండునేమో యను అనుమానము కలుగకమానదు. చక్కెరవ్యాధివలన కాళ్ళు మొద్దుబాఱుట నిజమే. బి12 లోపించినను కాళ్ళు అట్లే మొద్దుబాఱును. రెండింటి నడక ఒకే తీరుగా నుండుటచే ఒకదాని నీడలో రెండవది దాగుచున్నది. చక్కెరవ్యాధిచే చెడిన నరములను మరల బాగుచేయుట మిక్కిలి కష్టము. బి12 కొఱత యన్ననో, వేళకు కనిపెట్టినచో కొద్దిపాటి ఖర్చుతో ఆపదగినది. అందుచేతనే ఇది "మామూలే" యని ఊరకుండుట ప్రమాదకరము.

ఈ విటమిను మన శరీరములో ప్రవేశించు మార్గము కొంచెము చుట్టుదారి. అన్నములోని బి12ను ముందు కడుపులోని పులుసురసము విడదీయవలెను. పిదప కడుపు గోడలు స్రవించు ఒక మాంసకృత్తు దానిని పట్టుకొని చిన్నప్రేగు చివఱి భాగమునకు కొనిపోవును. అక్కడ సున్నపు ధాతువగు కాల్షియము సాయమున ప్రేగు దానిని లోనికి గ్రహించును. మెట్‌ఫార్మిను ఈ కడపటి మెట్టుకు అడ్డువచ్చునని పండితులు తలంచుచున్నారు. ఛాతిమంటకని చాలమంది యేండ్లతరబడి మ్రింగు "గ్యాసు మాత్రలు" మొదటిమెట్టునే చెఱచును. మీ అత్తగారు వానినికూడ వాడుచున్నారేమో మీరు వ్రాయలేదు, విచారింపుడు.

మాత్ర మొదలుపెట్టిన నాడే కీడు కనబడదు. కాలేయములో కొన్నియేండ్లకు సరిపడు బి12 నిలువ యుండును. గాదెలోని జొన్నలవలె అది తఱుగుచు, అడుగంటినప్పుడు గాని ఇంటివారికి తెలియదు.

ఈ సంగతి క్రొత్తది కాదు. 1971లోనే బెల్‌ఫాస్టు నగర వైద్యులు చిరకాలము మెట్‌ఫార్మిను వాడిన 71 మందిని పరీక్షించి, వారిలో 21 మందికి బి12 సరిగా ఒంటబట్టుట లేదని ప్రకటించిరి. 2010లో హాలెండువారు ఇన్సులిను వాడు 390 మందిని రెండు జట్లుచేసి, ఒక జట్టునకు ఈ మందును, రెండవ జట్టునకు ఉత్తమాత్రను నాలుగేండ్లకు పైగా ఇచ్చి చూడగా, మందు తినినవారి బి12 నూటికి 19 పాళ్ళు తగ్గినది. 2022లో బ్రిటను దేశపు ఔషధాధికారులు, ఇది అరుదైన కీడు కాదు, తఱచు కలుగునదే యని వైద్యులను హెచ్చరించిరి. మన దేశములో శాకాహారులు హెచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు నగరవాసులను పరీక్షించి 2016లో ప్రకటించినప్పుడు, సుమారు మూడవవంతు మందికి, చక్కెరమందుతో నిమిత్తము లేకయే, ఈ కొఱత కనబడినది. అసలే తక్కువైనచోట మఱికొంత తగ్గినచో ఏమగునో చెప్పనక్కఱలేదు.

ఇక మీరిచ్చిన ఇనుము మాత్రల సంగతి. వానిలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము కూడ నుండును. దీని చరిత్రలో మన తెలుగువాని పేరు కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున నుండగా, 1945లో అచటి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఎందఱో గర్భిణులకు అది ప్రాణదానము. కాని కొలదికాలములోనే వైద్యులొక వింత చూచిరి: బి12 కొఱతగలవారికి ఫోలిక్ ఆమ్లమొక్కటే ఇచ్చినచో రక్తము బాగుపడును, నరములు మాత్రము చెడుచునే యుండును. అప్పటికి బి12కు పేరైనను లేదు; దానిని వేఱుచేసినది 1948లో, సుబ్బారావుగారు కాలధర్మము నొందిన సంవత్సరమే. (దాని నిర్మాణమును తేల్చినది డారతీ హాడ్జ్‌కిన్ అను స్త్రీ యని, అందులకు 1964లో ఆమెకు నోబెలు బహుమానము వచ్చినదని మన పిల్లలకు చెప్పదగును.)

మీ యింట జరిగినది కూడ ఇదియే కావచ్చును. ముఖము తేటపడినది, లోపల నరములపై తొడుగు కరుగుచునే యుండవచ్చును. మీరు ప్రేమతో చేసినదానికి మిమ్ము నిందింప నెవ్వరికిని తగదు. మీ స్థానమున నేనున్నను అట్లే చేసియుందును. ఇకమీదట వైద్యుడు చెప్పక ఆ మాత్రలు ఇయ్యకుడు.

అంతకన్న ముఖ్యమైన మాట: మెట్‌ఫార్మినును మీయంతట మీరు మాన్పింపవలదు. అది మంచి మందు, చౌకమందు. మానినచో చక్కెర పెరిగి, కాళ్ళకే గాక కన్నులకు, మూత్రపిండములకు చేటు. మందును ఉంచి కొఱతను తీర్చుటయే పద్ధతి.

వనపర్తిలో 2022నుండి ప్రభుత్వ వైద్యకళాశాల నడచుచున్నది. అత్తగారిని పెద్దవైద్యుని కడకు కొనిపోయి, మెట్‌ఫార్మిను ఎన్నియేండ్లుగా ఎంత వాడుచున్నారో, మ్రొక్కు సంగతి, ఇనుము మాత్రల సంగతి దాచక చెప్పుడు. "బి12 పరీక్ష వలయునా?" యని మీరే యడుగుడు, అడుగుట అమర్యాద కాదు. కొఱత తేలినచో సూదిమందో మాత్రయో, ఎంతకాలమో, ఆయన నిర్ణయించును.

మ్రొక్కు చెడునను భయము వలదు. ఈ విటమినును సూక్ష్మజీవులను పెంచి, పులియబెట్టి తీయుదురు, జంతువును చంపనక్కఱలేదు. జిగురుగొట్టములలో పోసిన మందు వలదని, బిళ్ళయే కావలెనని అడిగిన చాలును. జూరాల చేపలు తినువారికి, కార్జము వండుకొనువారికి బి12 సమృద్ధిగా దొరకును. జొన్నరొట్టెలోగాని, పప్పులోగాని, ఆకుకూరలోగాని అది లేదు. శాకాహారికి పాలు పెరుగులే దిక్కు. పెద్దగ్లాసెడు పాలలో సుమారు 1 మైక్రోగ్రాము. దినమునకు కావలసినది 2కు పైన. మన యిండ్లలో గడ్డపెరుగు మగవారి కంచములలోనికి, నీళ్ళమజ్జిగ ముసలివారి గిన్నెలోనికి పోవుట మీరెఱుగనిది కాదు. ఆ వాడుక మార్చుడు. ఐతే పెరుగుతోనే కొఱత తీరునని నమ్మి పరీక్ష మానవలదు. ప్రేగు పట్టనప్పుడు ఎంత తిన్నను చాలదు.

కాళ్ళ స్పర్శ తిరిగివచ్చునా యని చివర నడిగితిరి. త్వరగా చికిత్స మొదలిడినవారిలో చాలమందికి నెలలమీద కొంత మేలు కనబడును; చిరకాలము నిర్లక్ష్యము చేసినచో కొంత శాశ్వతముగా నిలిచిపోవును. రెండేండ్లు గడచినవి గనుక మఱి యొక నెల జాగు వలదు. ఈలోపల ఆమెను వట్టికాళ్ళతో వాకిటికి పంపకుడు. రాత్రి పడుకొనుటకు ముందు అరికాళ్ళు దీపమువద్ద చూడుడు, ముల్లు గ్రుచ్చుకొన్నను ఆమెకు తెలియదు. పరీక్ష ఫలితము రాగానే మాకు వ్రాయుడు.