ఫొటో బాగుంది... మరి నిజమేనా?

ఎత్తయిన వంతెన మీద రైలు దూసుకుపోతోంది. దాని కింద చిరు అనే టిబెట్‌ జింకల మంద బెదురూ బెరుకూ లేకుండా పరుగుతీస్తోంది. 2006లో చైనా పత్రికల్లో వచ్చిన ఈ ఫొటో చూసి ముచ్చటపడని వారు లేరు. టిబెట్‌కి రైలుమార్గం ప్రారంభమైన ఏడాది అది. రైలు వల్ల వన్యప్రాణులకు ఇబ్బందేనన్న విమర్శలకు ఆ ఒక్క ఫొటోయే జవాబైంది! ఆ ఏటి మేటి చిత్రాల్లో ఒకటిగా చైనా ప్రభుత్వ టీవీ దానికి పట్టం కట్టింది.

రెండేళ్లు గడిచాయి. అదే ఫొటోను పెద్దసైజులో చూసినవారికి కింది అంచున సన్నటి గీత కనిపించింది. రెండు ఫొటోలను అతికించిన గీత అది! జంతువుల సంగతి తెలిసినవారికి ఇంకో అనుమానం... నెత్తిమీద రైలు అంత చప్పుడుతో పోతుంటే అడవి జింక చెల్లాచెదురవదూ? చివరికి ఫొటోగ్రాఫర్‌ ఒప్పుకున్నాడు. రైలు ఒక ఫొటోలోది, జింకలు ఇంకో ఫొటోలోవి. జతచేసింది ఫొటోషాప్‌. ఉద్యోగానికి రాజీనామా చేయాల్సి వచ్చింది.

మరి కంప్యూటర్‌ చెయ్యి పడకపోతే ఫొటో నిజమైనట్టేనా? అదీ కాదు. 2007లో చైనాలోని షాంగ్సీ రాష్ట్రంలో ఒక రైతు పులి ఫొటోలు తెచ్చాడు. దశాబ్దాలుగా అడవిలో జాడలేని దక్షిణ చైనా పులి అది! అటవీశాఖ సంబరపడి బహుమతి ఇచ్చింది. కానీ చూసినవారు ఒక ప్రశ్న వేశారు: అన్ని ఫొటోల్లోనూ పులి ఒకే భంగిమలో ఉందేం? కొన్నాళ్లకు అచ్చం అదే పులి ఇళ్లలో గోడకు తగిలించుకునే కొత్త సంవత్సరం పటంలో దొరికింది. కెమెరా నిజం, అడవి నిజం... పులి మాత్రం కాగితం! 2008లో పోలీసులు గుట్టు విప్పారు. పదమూడుమంది అధికారులపై చర్యలు తీసుకున్నారు.

అలాగని వింతగా ఉన్న ప్రతి ఫొటోనూ కొట్టిపారేయకూడదు. 2015లో లండన్‌ శివార్లలో తీసిన ఫొటో ఒకటుంది. ఎగురుతున్న వడ్రంగిపిట్ట వీపున ఒక వీజిల్‌! మన ముంగిసలా సన్నగా ఉండే చిన్న జంతువది. చాలామంది ‘ఇది కచ్చితంగా మాయే’ అన్నారు. కానీ ఆ జాతి వడ్రంగిపిట్ట చీమల కోసం నేలమీదే ఎక్కువగా తిరుగుతుంది. వీజిల్‌ తనకన్నా పెద్ద జీవిపైనా దూకుతుంది. పట్టుబడిన పిట్ట ప్రాణభయంతో పైకి లేచింది. అంతే... మాయ లేదు, మర్మం లేదు!

అందుకే అబ్బురపరిచే ఫొటో కనిపిస్తే ముందు వెలుతురు చూడండి. అన్నిటి నీడలూ ఒకే సూర్యుడికి లొంగి ఉన్నాయా? ఒకే ఆకు, ఒకే మబ్బు రెండుచోట్ల ఉందా? తర్వాత ఆ ప్రాణి స్వభావం, రుతువు, చోటు పొసగుతున్నాయేమో ఆలోచించండి. అన్నిటికన్నా ముఖ్యం... దాని ముందూ వెనకా తీసిన ఫొటోలేవి అని అడగడం. లండన్‌ నేచురల్‌ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వన్యప్రాణి ఫొటోల పోటీలో తుదిదశకు చేరినవారు కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు చూపాల్సిందే. కాస్త వెలుతురు సరిచేస్తే తప్పులేదు, లేని ప్రాణిని తెచ్చి పెట్టడమే తప్పు.

ఇప్పుడు కృత్రిమ మేధకు కెమెరా కూడా అక్కర్లేదు. అడిగిందే తడవుగా పులినీ, అడవినీ సృష్టించి చేతిలో పెడుతుంది. కంటికి దొరికే లోపాలు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. కాబట్టి ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు అన్న ప్రశ్నలే మనకు దిక్కు. జవాబు దొరకని ఫొటోను పదిమందికీ పంపకుండా ఆగితే చాలు. జింకలు హాయిగా ఉన్నాయని ఫొటో నమ్మబలికితే, వాటి నిజమైన కష్టం ఎవరికి పడుతుంది?