కావడి మోసే పిల్లలకు మరో భుజం కావాలి



ఈ నెల ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో మంచం పట్టిన మనిషి ఉంటే, ఆ మనిషికి మాత్రలు వేసేది, మంచినీళ్లు అందించేది, పక్క మార్చేది ఎవరు? చాలా ఇళ్లలో జవాబు "అమ్మ". కొన్ని ఇళ్లలో మాత్రం ఏడో తరగతి చదివే అమ్మాయి, లేదా తొమ్మిదో తరగతి అబ్బాయి. ఆ పిల్లల గురించే ఈ నాలుగు మాటలు.

అనకాపల్లిలో ఇలాంటి ఇల్లు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అమ్మానాన్నలిద్దరూ అచ్యుతాపురం సెజ్‌లోనో, పరవాడ ఫార్మా కంపెనీల్లోనో షిఫ్టుల్లో పనిచేస్తారు. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కేస్తారు. ఇంట్లో మామ్మకు పక్షవాతం. స్కూలు బస్సు వచ్చేలోగా ఆవిడకు మొహం కడిగి, టిఫిన్ తినిపించి, మాత్ర వేసి, పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పి రావాలి. ఇంకో ఇంట్లో నాన్నకు డయాలసిస్. అమ్మ పని మానేస్తే ఇల్లు గడవదు కాబట్టి ఆసుపత్రికి తోడు వెళ్లేది కొడుకే.

బడిలో మాకు కనిపించేది మాత్రం వేరు. లేటుగా రావడం, హోంవర్క్ పూర్తి చేయకపోవడం, మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు, పీటీఎంకు ఎవరూ రాకపోవడం. డైరీలో ఎర్ర సిరాతో ఒక నోట్ వెళ్తుంది. దాని మీద సంతకం పెట్టించుకోవడం కూడా ఆ పిల్లకు ఇంకో పని అవుతుంది.

సాయానికీ బరువుకీ తేడా

మనం చిన్నప్పటి నుంచి శ్రవణకుమారుడి కథ చెప్పుకుంటాం. తల్లిదండ్రుల్ని కావడిలో మోసిన కొడుకును మెచ్చుకుంటాం. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునే పిల్లను "బంగారు తల్లి" అంటాం. మెచ్చుకోవలసిందే. కానీ మెచ్చుకుని ఊరుకుంటే ఆ కావడి బరువు తగ్గదు.

"ఇంటి పని చేస్తే పిల్లలకు సంస్కారం వస్తుంది కదా, ఇందులో తప్పేముంది?" అని కొందరు అడుగుతారు. తాతయ్యకు కాఫీ ఇవ్వడం, అమ్మమ్మ కళ్లలో చుక్కల మందు వేయడం నిజంగానే మంచి అలవాట్లు. అది సాయమో బరువో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఆ పని వల్ల బడి గానీ, నిద్ర గానీ, పరీక్ష గానీ పోతోందా? ఇంజెక్షన్, స్నానం, మలమూత్రాల శుభ్రం వంటి పెద్దల పని పిల్ల మీద పడుతోందా? ఈ రోజు ఆ పిల్ల చేయలేకపోతే చేయడానికి ఇంకో మనిషి ఉన్నారా? మూడో ప్రశ్నకు "లేరు" అని జవాబు వస్తే, అది సంస్కారం విషయం కాదు. ఆ ఇంటికి మనిషి తోడు కావాలి.

ఆ తోడు ఎవరు ఏర్పాటు చేయాలి? మన స్థానిక సంస్థలే అని నా అభిప్రాయం. పట్టణంలో జీవీఎంసీ, ఊళ్లలో గ్రామ పంచాయతీ.

వార్డుకు సగం తెలుసు, బడికి సగం తెలుసు

ఇది కొత్త బాధ్యతేమీ కాదు. 2009 విద్యా హక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ స్థానిక సంస్థలకు రెండు పనులు అప్పగించింది. తమ పరిధిలో ఉన్న పద్నాలుగేళ్ల లోపు పిల్లల వివరాల రికార్డు ఉంచాలి. ప్రతి బిడ్డా బడిలో చేరి, రోజూ వచ్చి, ప్రాథమిక విద్య పూర్తి చేసేలా చూడాలి. హాజరు తగ్గుతున్న పిల్ల ఎందుకు రావడం లేదో తెలుసుకోవడం ఆ పనిలో భాగమే.

తెలుసుకునే దారి కూడా చేతిలోనే ఉంది. ఎన్టీఆర్ భరోసా పింఛను 2024 జులై నుంచి వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు. ఆ డబ్బు నెల మొదట్లో సచివాలయ ఉద్యోగి ఇంటికే వచ్చి ఇస్తారు. అంటే మంచం పట్టిన మనిషి ఏ ఇంట్లో ఉన్నారో వార్డుకు తెలుసు. ఏ పిల్ల వారానికి రెండు రోజులు మానేస్తోందో బడికి తెలుసు. ఈ రెండు సగాలూ ఒకచోటికి రావడం లేదు. పింఛను ఇచ్చేటప్పుడు ఆ గుమ్మంలో ఒక్క ప్రశ్న చేరిస్తే చాలు: "వీరిని పగలు చూసుకునేది ఎవరు? రాత్రి ఎవరు?" జవాబు ఒక పిల్ల పేరైతే ఆ వివరం సంక్షేమ కార్యదర్శికి, అక్కడి నుంచి బడికి చేరాలి. గ్రామ సచివాలయాల్లో ఒక ఉద్యోగం పేరే "సంక్షేమ, విద్యా సహాయకులు". ఆ రెండు మాటల్నీ కలిపే పని ఇదే.

అడిగితే చాలదు, నమ్మకం కూడా కావాలి. ఇంగ్లండ్‌లో 2014 చట్టం ప్రకారం ఇలాంటి పిల్లల్ని గుర్తించి, వాళ్లకు ఏ సాయం కావాలో చూడవలసింది స్థానిక కౌన్సిళ్లే. 2023లో అక్కడి బడుల వార్షిక గణనలో కూడా ఈ ప్రశ్న చేర్చారు. మొదటి ఏడాది ఎక్కువ బడులు "మా దగ్గర అలాంటి పిల్లలు లేరు" అని నింపాయి. పిల్లలు లేక కాదు, చెప్పుకోలేక. మన దగ్గరా అదే జరగవచ్చు. అందుకే ఆ జాబితా నోటీసు బోర్డు ఎక్కకూడదు, ఫొటోలు తీయకూడదు, అసెంబ్లీలో నిలబెట్టి చప్పట్లు కొట్టించకూడదు.

మంచి మనసుకు తోడు ఏర్పాట్లు కావాలి

గుర్తించాక ఆ ఇంటికి వెళ్లేది ఎవరు? మన రాష్ట్రంలో 2019 ఆగస్టు 15న గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. గ్రామాల్లో సుమారు 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. 2024 తర్వాత అది ఆగిపోయింది. దాని మీద ఎవరి అభిప్రాయం వారికి ఉంటుంది, ఆ వాదన ఇక్కడ వద్దు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి: కష్టం వస్తే ఫలానా మనిషికి ఫోన్ చేయాలి అని ప్రతి ఇంటికీ తెలిసి ఉండటం మంచి ఏర్పాటు.

కేరళ ఇంకో దారి చూపించింది. 2008లో ఆ రాష్ట్రం పాలియేటివ్ కేర్ విధానం తెచ్చింది. దాని ప్రకారం పంచాయతీలు, మున్సిపాలిటీలు తమ నిధుల్లోంచి ఖర్చు పెట్టి, మంచం పట్టినవారి ఇళ్లకు నర్సును పంపుతున్నాయి. నర్సుతో పాటు ఊళ్లోని వాలంటీర్లు వెళ్తారు. జీతం తీసుకునే నర్సు, తీరిక వేళ ఇచ్చే ఇరుగుపొరుగు, ఖర్చు భరించే పంచాయతీ: ముగ్గురూ ఉండబట్టే అది ఏళ్ల తరబడి నిలబడింది.

అనకాపల్లిలో మనుషులకు కొదవ లేదు. వర్తక సంఘం పేరు మీద కాలేజీ నిలబెట్టుకున్న బెల్లం మార్కెట్ ఊరు ఇది. కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు ఉన్నారు, మెప్మా మహిళా సంఘాలు ఉన్నాయి, రిటైరైన టీచర్లు, నర్సులు ఉన్నారు. వాళ్లకు కావలసినవి చిన్నవే. రోగిని ఎలా లేపాలో, వీపున పుళ్లు పడకుండా పక్క ఎలా మార్చాలో రెండు రోజుల శిక్షణ. ముందుగా పూర్వాపరాల పరిశీలన, ఆ తర్వాత గుర్తింపు కార్డు. ఆటో చార్జీలు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా వెళ్లాలన్న నియమం. ఇబ్బంది వస్తే ఫోన్ ఎత్తే ఒక అధికారి. ఇవి లేకపోతే మంచి మనసున్న వాళ్లు కూడా మూడు నెలలకే మానుకుంటారు.

వారానికి మూడు సాయంత్రాలు రెండేసి గంటలు ఎవరైనా వచ్చి మామ్మ దగ్గర కూర్చుంటే, ఆ పిల్లకు ఆరు గంటల చదువో ఆటో దక్కుతుంది. పదో తరగతి పరీక్షల నెలలో ఆ ఆరు గంటల విలువ మనకు తెలియనిది కాదు.

మనం చేయగలిగినవి

మొదటిది, మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉంటే క్లాస్ టీచర్‌కు చెప్పండి. ఇంటి గుట్టు బయట పడుతుందన్న బెరుకు సహజమే. కానీ కారణం తెలియని టీచర్ శిక్ష వేస్తారు, తెలిసిన టీచర్ గడువు ఇస్తారు. మా వైపు నుంచీ మారాలి. లేటుకు కారణం అడిగాకే డైరీలో నోట్ రాయాలి. స్టడీ అవర్స్‌కు ఉండలేని పిల్లకు ఇంటి దగ్గర చదివే వీలు ఇవ్వాలి.

రెండోది, మీకు తెలిసిన కుటుంబానికి మిషన్ వాత్సల్య గురించి చెప్పండి. తల్లి వితంతువైనా, తల్లిదండ్రులకు ప్రాణాంతకమైన జబ్బు ఉన్నా, పిల్లల్ని చూసుకోలేని స్థితిలో ఉన్నా, ఆదాయ పరిమితికి లోబడి ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ కోసం జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేయవచ్చు. పిల్లల కోసం 1098, వృద్ధుల కోసం 14567 నంబర్లు ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

మూడోది, అడగండి. కశింకోట, మునగపాక వైపు నుంచి మన బస్సుల్లో వచ్చే పిల్లల తల్లిదండ్రులు గ్రామసభలో అడగవచ్చు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు కేంద్రం ఇచ్చిన తొమ్మిది అంశాల్లో పిల్లలకు అనుకూలమైన గ్రామం ఒకటి. రోడ్లు, కాలువలతో పాటు ఈ పద్దు కింద నర్సు జీతం, వాలంటీర్ల ఆటో చార్జీలు రాయమనండి. పట్టణంలో ఉన్నవాళ్లు వార్డు సచివాలయానికి ఒక అర్జీ ఇవ్వండి. ఒకరు ఇస్తే కాగితం, ఒక వీధి అంతా ఇస్తే అజెండా.

వచ్చే పీటీఎం రోజున ఆ అర్జీ నమూనా ఆఫీసు కౌంటర్ దగ్గర ఉంచుతాం. మార్కుల లిస్టు తీసుకునేటప్పుడు దాన్ని కూడా ఒకటి తీసుకెళ్లి, మీ వీధివాళ్లతో సంతకాలు పెట్టించండి.